ఈల లేని గాలి

నీలాద్రి లెక్క తప్పలేదు. అయినా రిపోర్టు మీద చంద్రావతి మేడమ్ సంతకం పడలేదు.

"మళ్లీ చూడు" అన్నారావిడ. కాగితాన్ని అతని వైపు జరిపి, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఏం చూడాలి మేడమ్?"

"అది తెలిస్తే ఈపాటికి చూసేసేవాడివి."

నీలాద్రి కాగితం తీసుకుని వెనక్కి తిరిగాడు. చెవులు వేడెక్కాయి. అందులో ఉన్న ప్రతి అంకె అతనికి కంఠతా వచ్చు. ఒక్కటీ తప్పు కాదు.

విశాఖలో సముద్రపు గాలి నేరుగా తగిలే ఆసుపత్రి అది. నాలుగో అంతస్తులో ఎకో గది. రోగి ఛాతీ మీద చిన్న ప్రోబ్ ఆనించి, శబ్ద తరంగాలతో లోపలి గుండెను తెర మీద చూసే చోటు. చంద్రావతి మేడమ్ ఆ గదిలోనే జుట్టు నెరిసిన మనిషి. దూరదూరాల నుంచి కుర్ర డాక్టర్లు ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవారు. ఆ ఏడు వచ్చినవాళ్లలో నీలాద్రి అందరికంటే చురుకైనవాడు.

ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే వచ్చి యంత్రం ఆన్ చేసేవాడు. రక్తం వేగం తెర మీద పడీ పడగానే, యంత్రం లెక్క కట్టేలోపే అతని పెదాలు కదిలేవి. వేగాన్ని దానితోనే హెచ్చించి, నాలుగింతలు చేస్తే ఒత్తిడి. యంత్రం ఏమంటుందా అని పక్కవాళ్లు చూసేవారు. యంత్రమూ అదే అనేది.

"మెషీన్ చెడిపోతే రిపేరు దేనికిరా, నీలాద్రిని ప్లగ్గులో పెడదాం" అనేవారు తోటివాళ్లు.

అతనికి ఆ మాట బాగానే ఉండేది.

ఆ గదిలో ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటుంది. శిష్యుడు రిపోర్టు రాశాక, తను చూసిందేమిటో రోగికి తెలుగులో చెప్పాలి. మేడమ్ తన కుర్చీలో కూర్చుని వింటారు. ఆ తర్వాతే సంతకం.

ఆ రోజు రోగి పేరు దాలమ్మ. పలాస దగ్గర జీడి బట్టీలో గింజలు కాల్చే పని. కొన్నేళ్లుగా ఉన్నట్టుండి ముఖం, మెడ కందగడ్డలా ఎర్రబడేవి. ఒళ్లంతా సెగలు. బట్టీ వేడనుకుంది. ఊళ్లో నాటువైద్యం చేసే ఆచారి గారు జీడి పడలేదన్నారు. తర్వాత కడుపు బాధ మొదలైంది. తిన్నది తిన్నట్టు నీళ్లలా పోయేది. బట్టీ మానేసి ఇంట్లో కూర్చున్నా ముఖం ఎర్రబడటం మాత్రం మానలేదు. అప్పుడు విశాఖ వచ్చింది.

పేగులో చిన్న కణితి ఉందని ఇక్కడ తేలింది. కార్సినాయిడ్ అంటారు దాన్ని. నిదానంగా పెరిగే రకం. పేగులో ఉన్నంతకాలం సద్దు చేయకుండానే ఉంటుంది. కాలేయంలోకి పాకిందంటే మాత్రం రక్తంలోకి ఏవో రసాలు వదులుతుంది. ఆ ఎర్రదనం, ఆ విరేచనాలు వాటివల్లే. ఆ రసాలు కాలేయం నుంచి తిన్నగా గుండె కుడివైపుకి చేరతాయి. అక్కడి కవాటం మీద పేరుకుని, దాన్ని మొద్దుబారుస్తాయి. ఆ తర్వాత ఊపిరితిత్తులు వాటిని వడగట్టేస్తాయి కాబట్టి ఎడమవైపు చాలావరకు బతికిపోతుంది.

కాలేయంలో చెడిన భాగాన్ని మర్నాడు పొద్దున్న కోసి తీసెయ్యాలని సర్జన్ పరశురామ్ నిర్ణయించాడు. ఒక్క ప్రశ్న మాత్రం పైకి పంపాడు. కుడివైపు కవాటం బాగుందా?

అది మూసుకోకపోతే, గుండె నొక్కిన ప్రతిసారీ రక్తం వెనక్కి తన్ని కాలేయంలో నిండుకుంటుంది. అలా ఉబ్బిన కాలేయం మీద కత్తి పెడితే నెత్తురు ఆగదు. మనిషి బల్ల మీంచి లేవదు.

ఇదంతా నీలాద్రికి తెలుసు. చెప్పమంటే ఏ పుస్తకంలో ఏ పేజీయో కూడా చెప్పేవాడు.

అందుకే ప్రోబ్ పెట్టగానే సూటిగా కలర్ బటన్ నొక్కాడు. కవాటం లీకైతే, వెనక్కి వచ్చే రక్తం తెర మీద రంగుగా కనిపిస్తుంది. సన్న సందులోంచి తోసుకొచ్చే రక్తం అయితే రంగులన్నీ కలగలిసి, నిప్పురవ్వలు చిమ్మినట్టు ఉంటుంది. దాలమ్మకు అలాంటిదేమీ లేదు. నిండు నీలం, నెమ్మదిగా, ఒకే రంగు. వేగం కొలిచాడు. సెకనుకు రెండు పాయింట్ రెండు మీటర్లు. అతని పెదాలు కదిలాయి. పందొమ్మిది.

దానికి కుడి గదిలో ముందే ఉండే ఒత్తిడిని కలపాలి. అదెంతో తెలియాలంటే పక్కటెముకల కింద ప్రోబ్ నొక్కి పెద్ద సిరను చూడాలి. నొక్కగానే దాలమ్మ "అబ్బా" అంది. నీలాద్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మామూలు మనుషులకు ఐదు కలుపుతారు. ఐదు కలిపాడు. ఇరవై నాలుగు.

లీకు స్వల్పం. ఒత్తిడి మామూలు. ఆపరేషన్‌కు అభ్యంతరం లేదు.

అలాగని కిందికి ఫోన్ చేసి పరశురామ్‌కి చెప్పేశాడు కూడా. "శభాష్, నీ అంకె ఉంటే మాకు ధైర్యం" అన్నాడు పరశురామ్.

తర్వాత పద్ధతి ప్రకారం దాలమ్మకు చెప్పాడు. ఆమె మంచం మీద లేచి కూర్చుని ఉంది. పక్కన ఆమె తోడికోడలు రాజులమ్మ. ఊరి నుంచి తోడొచ్చింది.

"దాలమ్మా, మీ గుండె కుడివైపు కవాటం దగ్గర కొంచెం లీకుంది. వేగం తక్కువే. ప్రెషర్ నార్మల్. భయమేం లేదు."

"కవాటం అంటే ఏటి బాబూ?"

"అదే... వాల్వు."

"వాల్వంటే?"

నీలాద్రి ఒక్క క్షణం ఆగాడు. "కవాటం."

రాజులమ్మ పకపకా నవ్వింది. "బాగుంది బాబూ! తోడికోడలెవరే అంటే ఏరాలు. ఏరాలెవరే అంటే తోడికోడలు."

దాలమ్మ నవ్వలేదు. "అది కాదు. నాది ఎలాగుందో సెప్పు. బాగుందా, పాడైపోనాదా?"

"చెప్పాను కదమ్మా. ఇరవై నాలుగు."

"ఇరవై నాలుగేటి? కేజీలా?"

మేడమ్ కుర్చీలోంచి అప్పుడే చెయ్యి చాచారు. రిపోర్టు తీసుకుని చదివారు. సంతకం పెట్టకుండా వెనక్కి జరిపారు.

నీలాద్రి దాలమ్మను రెండోసారి పడుకోబెట్టాడు. మళ్లీ కలర్. మళ్లీ నీలం. మళ్లీ రెండు పాయింట్ రెండు. కాస్త పక్కకి జరిపి మూడోసారి చూశాడు. అప్పుడూ అంతే.

రాజులమ్మ అతని చేతి వంకే చూస్తోంది. "ఏటి బాబూ, ఒప్పలేదా పెద్దమ్మగారు?"

"ఒప్పుతారు" అన్నాడు.

అప్పటికి మధ్యాహ్నం అయింది. కింద వార్డులో దాలమ్మను మర్నాటి ఆపరేషన్‌కి సిద్ధం చేయాలని నర్సు రెండుసార్లు ఫోన్ చేసింది. రిపోర్టు కోసం అంతా ఆగి ఉంది. నీలాద్రి మూడు కొలతలూ ఒకదాని కింద ఒకటి రాసి, నేరుగా మేడమ్ ముందు నిలబడ్డాడు.

"మూడుసార్లు చూశాను మేడమ్. మూడుసార్లూ ఒకటే. లెక్కలో తప్పెక్కడుందో చూపించండి. దిద్దుకుంటాను."

"లెక్క తప్పని నేనన్నానా?"

"మరి సంతకం?"

మేడమ్ అతని చేతిలోని కాగితం తీసి బల్ల మీద పెట్టారు. కోపం లేదు. కుర్చీలోంచి లేచారు.

"రా. ఆ తలుపు దగ్గర నిలబడు."

ఎకో గది తలుపు వరండాలోకి తెరుచుకుంటుంది. వరండా చివర సముద్రం వైపు పెద్ద కిటికీ. మధ్యాహ్నం వేళ గాలి అటునుంచే కొడుతుంది.

"రాజులమ్మా, లోపలి కిటికీ కాస్త తీస్తావా తల్లీ?"

"ఏసీ ఉంది కదమ్మా?"

"ఉండనీ."

రాజులమ్మ కిటికీ తీసింది. మేడమ్ గది తలుపును దాదాపు మూసేసి, వేలు కూడా దూరనంత సందు మాత్రం వదిలారు.

సందులోంచి గాలి ఈల వేసింది. సన్నగా, చెవిలో గుచ్చుకునేలా.

"ఏమిటా చప్పుడు?"

"గాలి మేడమ్."

"చెయ్యి పెట్టి చూడు."

నీలాద్రి సందుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చల్లటి సూది దిగినట్టు తగిలింది.

"జోరుగా ఉందా?"

"చాలా జోరుగా ఉంది."

మేడమ్ తలుపును ఒక్క తోపు తోశారు. అది వెళ్లి గోడకు కొట్టుకుంది. ఈల ఠక్కున ఆగిపోయింది.

"ఇప్పుడు?"

"ఆగిపోయింది మేడమ్."

ఆ మాట నోట్లో ఉండగానే మంచం చుట్టూ ఉన్న తెర లేచి పైకప్పుకి తగిలింది. టిష్యూ చుట్ట బల్ల మీంచి దొర్లి, గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లగా పరుచుకుపోయింది. మూడు కొలతల కాగితం ఎగిరి వెళ్లి రాజులమ్మ ముఖానికి అతుక్కుంది.

"ఓలమ్మోలమ్మ! ఏటీ గాలి! మడుసుల్ని ఎత్తుకుపోయేలాగుంది!"

మేడమ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. గాలిని చూడటం లేదు. నీలాద్రిని చూస్తున్నారు.

నీలాద్రి తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. ఇంకా చాచే ఉంది. సూది లేదు. చప్పుడు లేదు. వేళ్ల మధ్య నుంచి, చంక కింద నుంచి, మెడ పక్కనుంచి, గాలి మెత్తగా, మొత్తంగా, గదిలోకి నడిచొస్తోంది.

"కిటికీ మూసెయ్యమ్మా. ఏసీ పాడవుతుంది" అన్నారు మేడమ్. తలుపు దగ్గరికి వేసి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

నీలాద్రి కదల్లేదు.

"డాట్రుబాబుకేటైందే?" రాజులమ్మ గుసగుసగా అడిగింది.

"ఉండు. ఆలోసిస్తన్నాడు" అంది దాలమ్మ.

అతను యంత్రం దగ్గరికి వెళ్లాడు. జెల్ సీసా తీసుకున్నాడు.

"దాలమ్మా, ఇంకొక్కసారి."

"నాలుగోసారి బాబూ. పెళ్లికి కూడా ఇన్నిసార్లు నలుగు పెట్టలేదు నాకు." అంటూనే పక్కకు ఒత్తిగిల్లింది.

ఈసారి కలర్ వెయ్యలేదు. వేగం కొలవలేదు. తెర మీద వట్టి నలుపూ తెలుపూ. కుడివైపు రెండు గదులు, వాటి మధ్య కవాటం. దాని రెక్కల్ని తెర నిండా పెద్దవి చేసి, ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

బాగున్న గుండెలో ఆ రెక్కలు తమలపాకు కంటే పల్చగా ఉంటాయి. గుండె వదులైనప్పుడు విచ్చుకుంటాయి. నొక్కినప్పుడు వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. చూస్తుంటే కన్ను తిప్పబుద్ధి కాదు.

ఇక్కడున్నవి మందంగా, పొట్టిగా ఉన్నాయి. సెగ ఎక్కువైన అప్పడం అంచుల్లా ముడుచుకుపోయాయి. గుండె వదులైంది. అవి పూర్తిగా విచ్చుకోలేదు. గుండె నొక్కుకుంది. ఇప్పుడు కలుస్తాయి అనుకున్నాడు. కలవలేదు. మళ్లీ నొక్కుకుంది. కలవలేదు. తెర మీది రెండు రెక్కలూ ఎక్కడివక్కడ కర్రల్లా నిలబడి ఉన్నాయి. మధ్యలో నల్లటి ఖాళీ. ఆ ఖాళీని పొద్దుటి నుంచి మూడుసార్లు తన చేత్తోనే నీలం రంగు పూసి కప్పాడు.

వేగం గీతను మళ్లీ తెర మీదికి తెచ్చాడు. పొద్దున్న దాని శిఖరాన్ని మాత్రమే కొలిచాడు. ఇప్పుడు దాని ఆకారం చూశాడు. గుండ్రటి కొండలా ఉండాల్సిన గీత, చురకత్తి మొనలా దూసుకు లేచి, సగంలోనే కూలిపోయింది. కూలక ఏం చేస్తుంది? అటు ఒత్తిడీ ఇటు ఒత్తిడీ సమానమైపోయాక ఇక తోసేదెవరు? పేరుకు రెండు గదులు. నిజానికి ఒకటే గది.

"దాలమ్మా, పక్కటెముకల కింద నొక్కాలి. పొద్దున నొప్పి అన్నారని మానేశాను. ఓర్చుకుంటారా?"

"కానీ బాబూ. నొక్కు."

నొక్కాడు. ఆమె పళ్లు బిగించింది. పెద్ద సిర కనిపించింది. ఉబ్బి నిండుగా ఉంది.

"ఊపిరి గట్టిగా పీల్చండి."

పీల్చినప్పుడు అది సన్నబడాలి. సన్నబడలేదు. గుండె నొక్కిన ప్రతిసారీ రక్తం ముందుకు పోవడానికి బదులు వెనక్కి తిరిగి కాలేయంలోకి పోతోంది. కొట్టుకున్న ప్రతిసారీ. ఒక్కసారి కూడా తప్పకుండా.

'ఐదు' అనుకున్నాడు నీలాద్రి. ఆ అంకెను అతను కొలవలేదు. అలవాటుగా కలిపాడు. ఇప్పుడు కళ్ల ముందు ఉన్నదానికి పదిహేను కూడా తక్కువే.

ప్రోబ్ పక్కన పెట్టాడు. జెల్ తనే తుడిచాడు. దాలమ్మను లేపి కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. మేడమ్ అక్కడున్నారో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

"దాలమ్మా, గుండెలో కుడివైపు ఒక తలుపుంది." రెండు అరచేతులూ ఆనించి చూపించాడు. "గుండె కొట్టుకున్నప్పుడల్లా ఇలా మూసుకోవాలి. అప్పుడే నెత్తురు ముందుకు పోతుంది. మీకు ఆ తలుపు రెక్కలు బిగుసుకుపోయాయి." వేళ్లు బిగించి, చేతుల్ని ఎడంగా నిలబెట్టాడు. "ఇలా ఉండిపోయాయి. పూర్తిగా తెరుచుకోవు. మూసుకోవడం అసలే లేదు."

దాలమ్మ అతని చేతుల వంక చూసింది.

"అయితే నెత్తురు ఎనక్కొచ్చేస్తంది."

"అవును. వెనక్కొచ్చి కాలేయంలో నిండిపోతోంది."

"రేపు కోసీది అక్కడే కదేటి?"

"అక్కడే. అందుకే రేపు కొయ్యకూడదు. కోస్తే నెత్తురు ఆగదు. ముందు తలుపు మార్చాలి."

రాజులమ్మ ఈసారి నవ్వలేదు. "పొద్దుట నువ్వే కదా బాబూ, బాగుందన్నావు. కిందికి ఫోన్ కూడా సేసినావు. నేను ఇన్నాను."

"చేశాను. తప్పు చెప్పాను."

దాలమ్మ ముఖం మెల్లగా ఎర్రబడింది. గడ్డం నుంచి పైకి, నుదుటి దాకా. అది కోపమో, కణితో నీలాద్రికి తెలియలేదు. అతను తల దించుకోలేదు. ఆమె ఏమన్నా వినడానికే కూర్చున్నాడు.

సెగ దిగేదాకా ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత తెరిచింది.

"ఇప్పుడు సెప్పింది రైటేనా?"

"రైటే."

"మళ్లీ మారదు కదా?"

"మారదు."

"అయితే తలుపు ఎప్పుడు మారుస్తారో అది కనుక్కో ముందు. రెండు కోతలైతే రెండు కోతలు. ఇంత దూరం వొచ్చినాను, ఉత్తినే ఎల్లను."

"కడుపు కూడా కట్టేయాలి దీనికి" అంది రాజులమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "రాత్రంతా దొడ్డి దారే. నన్ను నిద్రపోనివ్వదు."

"నువ్వెప్పుడు మేలుకున్నావే? నీ గురక్కి నేను మేలుకున్నాను."

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ప్రోబ్ తీసుకుంది. మేడమ్. దాలమ్మ మళ్లీ పడుకుంది. మేడమ్ తెర వంక చూశారు. తొందరపడలేదు. ఒక్కో చోట ఆగి, గుండె పదిసార్లు కొట్టుకునేదాకా చూసి, పక్కకు జరిపారు. ఎడమవైపు కూడా చూశారు. పక్కటెముకల కింద కూడా చూశారు.

నీలాద్రి రాసిన కొత్త రిపోర్టు చదివారు. సంతకం పెట్టారు.

అతను దాన్ని ఎవరి చేతా పంపలేదు. లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లు దిగి సర్జరీ విభాగానికి వెళ్లాడు. పరశురామ్ భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాడు.

"రావయ్యా కాలిక్యులేటరూ. కాగితం తెచ్చావా?"

"తెచ్చాను సార్. రేపటి ఆపరేషన్ వద్దు."

పరశురామ్ చెయ్యి తుడుచుకోవడం ఆపాడు. "పొద్దున సరే అన్నావు."

"అన్నాను సార్."

"థియేటర్ పెట్టుకున్నాం. రక్తం తెప్పించాం. మత్తు డాక్టర్ని బతిమాలి ఒప్పించాం. ఇప్పుడొచ్చి వద్దంటే ఎలా? పొద్దుటి అంకె తప్పా?"

"అంకె తప్పు కాదు. ఇప్పుడూ అదే అంకె."

"మరింకేంటయ్యా?"

"మీరొకసారి పైకొచ్చి చూడాలి సార్."

"నాకు టైం లేదు. నోటితో చెప్పు."

"చెప్తాను. కానీ చూడకుండా మీరు కత్తి పట్టుకోకూడదు. మీరు చూసేదాకా నేను ఇక్కడి నుంచి కదలను."

పరశురామ్ అతన్ని ఎగాదిగా చూశాడు. పొద్దున ఫోన్‌లో విన్న గొంతేనా అన్నట్టు చూశాడు. తువ్వాలు వంకెకు తగిలించి, "పద" అన్నాడు.

పైన, తెర ముందు నీలాద్రి ఏమీ వివరించలేదు. రంగు లేకుండా, అంకెలు లేకుండా, రెక్కల్ని పెద్దవి చేసి చూపించాడు. పరశురామ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. గుండె కొట్టుకుంది. ఇంకోసారి కొట్టుకుంది. అతని చేతులు నడుం మీంచి జారాయి.

"దీని మీద కోసేవాణ్ణా నేను?" అన్నాడు నెమ్మదిగా. ఎవరినీ అడగలేదు.

తర్వాత ఫోన్ తీసి వార్డుకు చేశాడు. రేపు దాలమ్మ లేదన్నాడు. గుండె ఆపరేషన్ వాళ్లను సాయంత్రం కూర్చోమన్నాడు. వెళ్తూ వెళ్తూ, "నువ్వు కూడా రావాలి. ఇది నువ్వే చూపించాలి" అన్నాడు నీలాద్రితో.

దాలమ్మను వీల్‌చెయిర్‌లో వార్డుకు తీసుకెళ్లారు. రాజులమ్మ దాన్ని తనే తోస్తానని పట్టుబట్టింది. గుమ్మం దగ్గర ఆగి, "బాబూ, నీ పేరేటి?" అంది.

"నీలాద్రి."

"గుర్తెట్టుకుంటాం" అంది. తిట్టో దీవెనో తేల్చకుండానే వెళ్లిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. నీలాద్రి నేల మీద పరుచుకున్న టిష్యూను చుట్ట చుట్టాడు. ప్రోబ్ తుడిచి తగిలించాడు. మేడమ్ తర్వాతి రోగి వివరాలు చదువుతున్నారు.

"మేడమ్, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆమె కవాటం పాడైందని మీకు పొద్దున్నే ఎలా తెలిసింది?"

"నాకు తెలియదు."

"మరి... తలుపు తీసి చూపించారు కదా."

"బార్లా తీసిన తలుపు ఈల వెయ్యదు. మూసిన తలుపూ వెయ్యదు. ఆమెది ఏదో నాకేం తెలుసు? నేనింకా ప్రోబ్ పట్టుకోలేదుగా."

నీలాద్రికి అర్థం కాలేదు.

"మరి సంతకం ఎందుకు పెట్టలేదు మేడమ్?"

ఆవిడ కాగితం మీంచి తల ఎత్తారు.

"బాగుందా, పాడైందా అని ఆమె అడిగితే ఇరవై నాలుగన్నావు. నీకూ తెలియదని తెలిసింది."